పసిబిడ్డలకు పాట నేర్పువారు ముందు నేర్వవలసినది

(పెద్దదోర్నాలలో పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



త్రాగునీరు, దారులు, వీధిదీపములు, వీనిని గూర్చి మాటలాడుకొనుటకు కూడిన సభలో పాటను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. వెలిగొండ నీటికై ఒక తరమంతయు ఎదురుచూచిన సీమ యిది. ఇచ్చట సంగీతమేల యని మీలో నెవరైన అడిగినచో ఆ ప్రశ్నలో తప్పు లేదు. అయితే నేను కచేరీలను గూర్చి చెప్పుటకు రాలేదు. మీ గ్రామములలో మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల బిడ్డలు ప్రతి ఉదయమును ఒకచోట చేరుచున్నారు. అది అంగన్‌వాడీ కేంద్రము. అచ్చట వారికి భోజనముతో పాటు ఆటపాటల ద్వారా చదువునకు పునాది వేయవలెను. ఆటకు కొంత స్థలమున్న చాలును. పాటకు మాత్రము పాడగలిగిన మనిషి కావలెను. ఆ మనిషిని సిద్ధపరచుట ఎట్లు అనునదే నేడు నేను చెప్పదలచిన విషయము.

ఇది మన పని కాదు, శిశు సంక్షేమ శాఖ వారి పని అని అనుకొనవలదు. రాజ్యాంగమునకు 73వ సవరణ 1992లో జరిగి 1993 ఏప్రిల్ 24వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు సంబంధించిన 29 విషయములు గలవు. ప్రాథమిక విద్య అందున్నది. సాంస్కృతిక కార్యకలాపములు ఉన్నవి. స్త్రీ శిశు అభివృద్ధి ఉన్నది. ఈ మూడును కలియు చోటు మీ ఊరిలో వెదకినచో అది అంగన్‌వాడీ గడపయే. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమైనప్పుడే పాఠశాలకు పూర్వపు విద్య దానిలో ఒక భాగముగా నుండెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వయస్సును పునాది దశగా గుర్తించినది. 2022లో వెలువడిన ఆ దశ పాఠ్యప్రణాళిక, శరీరము, భాష, బుద్ధి మున్నగు వానితో సరిసమానముగా కళా సాంస్కృతిక వికాసమును ఒక ప్రత్యేక భాగముగా నిలిపినది. కాగితము మీద పాట ఉన్నది. కేంద్రములో ఎంత ఉన్నదో మీరు వెళ్ళి చూడవలెను.

వెళ్ళినచో కొన్నిచోట్ల చక్కని పాట వినబడును. మరికొన్ని చోట్ల చేతి ఫోనులో ఒక పాట మ్రోగుచుండును, బిడ్డలు చుట్టును కూర్చుండి చూచుచుందురు. కార్యకర్తను నిందింపవలదు. బరువులు తూచుట, భోజనము పెట్టించుట, ఇంటింటికి తిరుగుట, పోషణ్ ట్రాకర్‌లో వివరములు నమోదు చేయుట, ఇన్నియు ఆమె పనులే. పాట పాడుడని ఆమెకు చెప్పినవారు కలరు. ఎట్లు పాడవలెనో ప్రక్కన కూర్చుండి చూపినవారు అరుదు. "నాకు గొంతు లేదండీ" యని ఆమె అనును. ఈ మాట నేను విన్నన్ని సార్లు మరి యే మాటయు వినలేదు. బిడ్డను ఊయలలో వేసి జోల పాడిన తల్లి యెవతెయు తనకు గొంతు ఉన్నదో లేదో విచారించుకొనలేదు. ఇంటిలో నున్న ధైర్యము కేంద్రములో ఏల పోవుచున్నది? ఇంట వినువాడు బిడ్డ యొక్కడే. ఇచ్చట సూపర్‌వైజరు, సర్పంచి, వీధిలో పోవువారు కూడ విందురు. గొంతు కొరతకంటె బెదురే యెక్కువ. ఆ బెదురు పోవుటకు కావలసినది కొద్దిపాటి మూలజ్ఞానము, కొంత తోడు.

తాను విద్వాంసుడు కాకయే, పిల్లలకు నేర్పుటకై నేర్చుకొనిన వారి చరిత్ర యొకటి చెప్పెదను. ఇంగ్లండు దేశమున నార్విచ్ పట్టణములో సారా గ్లోవర్ అను నామె పేదపిల్లలకు పాట నేర్పుటకు ఒక సులభమైన పద్ధతిని కల్పించెను. ఆమె పుస్తకము 1835లో వెలువడెను. జాన్ కర్వెన్ అను యువకుడు చర్చి బోధకుడు. అతడు సంగీతము చదివినవాడు కాడు. చర్చిలో పిల్లలకు పాట నేర్పుటకు మేలైన మార్గము కనుగొనుమని 1841లో అతనికి బాధ్యత అప్పగింపబడెను. అతడు గ్లోవర్ పద్ధతి సాయముతో ముందు తాను నేర్చుకొని, దానిని మార్చి, పెంచి, లక్షలమందికి అందునట్లు చేసెను. స్వరమునకొక చేతి గుర్తు చొప్పున ఏర్పరచినవాడును అతడే. తనకు కష్టమైన మెట్లేవో అతడు మరువలేదు గనుక ఇతరులకు అచ్చట చేయి అందింపగలిగెనని నా నమ్మకము. పుట్టుకతో గాత్రము కలవారికి ఈ గుణము తరచుగా ఉండదు.

దూరదేశపు మాట యేల యందురా? మీకు సమీపమున, అర్ధవీడు మండలములో కాకర్ల యను గ్రామము గలదు. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆయన పూర్వీకులు ఈ కంభం ప్రాంతపు కాకర్ల నుండియే దక్షిణమునకు తరలిరని పెద్దలు చెప్పుదురు. 1767లో తిరువారూరున జన్మించి 1847లో తిరువయ్యారున సిద్ధి పొందిన ఆ మహనీయుడు ఘనరాగములలో గొప్ప కృతులు రచించినాడు. ఆయనయే దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కూడ రచించినాడు. వానిలో అనేకములకు వరుస సులభము. ఒకే వరుస మరల మరల వచ్చును. నలుగురు కూడి పాడుటకు అనువుగా నుండును. అంతటివాడు సులభమైన వరుసను చిన్నచూపు చూడలేదు. మనకు ఆ చిన్నచూపు ఎచ్చట నుండి వచ్చినదో నాకు తెలియదు.

ఇక నేర్వవలసిన దేమి? మూలము మూడు మాటలలో నున్నది: లయ, శ్రుతి, స్వరము. నేను వానిని ఈ వరుసలోనే చెప్పుచున్నాను, ఏలయన నేర్చుకొనవలసిన వరుసయు అదే.

లయ మనకు కొత్త కాదు. ఇద్దరు స్త్రీలు ఒకే రోటిలో దంచునపుడు రోకళ్ళు ఢీకొనకుండుటకు లయయే కారణము. కోలాటములో కోల తగలవలసిన చోటనే తగులుటయు, మిరపచేలలో కూలిస్త్రీలు పాడుచు కోయునపుడు చేతులు ఒక నడకలో సాగుటయు లయ వలననే. నేర్చుకొనువారు మొదటి నెల పాట జోలికి పోకుండ నడకనే సాధింపవలెనని నా సలహా. నిలుకడగా అడుగులు వేయుచు నడువవలెను. అడుగు పడినపుడెల్ల చేయి చరువవలెను. పిదప అడుగునకు మూడేసి అక్షరములు "తకిట" యనియు, నాలుగేసి "తకధిమి" యనియు పలుకవలెను. ఈ రెండును కుదిరినచో, రెండును మూడును కలిపి ఐదు, మూడును నాలుగును కలిపి ఏడు. మన జానపదుల పాటలలో ఈ ఏడింటి నడక తరచుగా వినబడును. పాడువారికి దాని పేరు తెలియకపోవచ్చును; అడుగు మాత్రము తప్పదు.

ఆదితాళము కూడ తెలిసికొనవలెను. అది ఎనిమిది లెక్కలు. ఒక దెబ్బ, పిదప చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు; ఇది నాలుగు. ఆపైన దెబ్బ, విసురు, మరల దెబ్బ, విసురు, ఇది నాలుగు. ఇది పెద్దల కొరకు. నాలుగేండ్ల బిడ్డ చేత వ్రేళ్ళు లెక్కపెట్టింపబోయినచో పాట పోవును, వ్రేళ్ళు మిగులును. బిడ్డకు చప్పట్లు, అడుగులు, రెండు చిడతలు చాలును. నేర్పువారిలో సాధారణముగా కనబడు దోషము వేగము పెంచుట. పిల్లలకు ఉత్సాహము వచ్చినకొలది పాట పరుగెత్తును. పాట చివరకు వచ్చునప్పటికి మొదలుపెట్టిన నడకయే ఉన్నదా లేదా యని ప్రతిదినము చూచుకొనవలెను. ప్రక్కన మరియొకరు తాళము పట్టుకొని కూర్చున్నచో ఇది తేలికగా తెలియును.

లయను నేర్పుటకు దూరము నుండి గురువులను రప్పింపనక్కరలేదు. మీ ఊరి డప్పు వాయించువారిని అడుగుడు. పెండ్లికి ఒక దరువు, జాతరకు ఒక దరువు, ఊరేగింపు సాగునపుడు ఒకటి, నిలిచినపుడు ఒకటి, ఇన్ని నడకలు చేతిలో ఉంచుకొన్నవారు వారు. వారిని పిలుచునపుడు కుర్చీ వేసి, సంభావన యిచ్చి, గురువునకు చేయు మర్యాద చేయవలెను. వాకిట నిలువబెట్టి వాయింపించుకొని పంపివేయుట పాత అలవాటు. ఆ అలవాటుతో ఈ పని సాగదు.

శ్రుతి రెండవది. ఒక స్వరమును ఆధారముగా నుంచుకొని, పాట అంతయు దానిని విడువకుండ పాడుటయే శ్రుతిలో నుండుట. భజన మండలి వారి హార్మోనియము చాలును. చిన్న శ్రుతిపెట్టె యున్న మరియు మంచిది. "నాకు శ్రుతి కుదరదు" అను నామెను హార్మోనియము ఎదుట కూర్చుండబెట్టి, "ఇదిగో ఈ మెట్టునకు పాడుము" అనుట తిరుగబడిన పద్ధతి. ముందు ఆమెను తనకు హాయిగా నున్న చోట "ఊఁ" అని పలుకనిండు. ఆ ధ్వని యే మెట్టుతో సరిపోవునో హార్మోనియము వాయించువాడు వెదకి పట్టుకొనవలెను. తన ధ్వనియు పెట్టె ధ్వనియు ఒకటైనపుడు ఎట్లుండునో ఆమె చెవి ఒక్కసారి తెలిసికొన్నచో సగము పని ముగిసినట్లే. పిదప ప్రక్క మెట్టునకు జరుగవలెను. మీ ఊరి నుండి శ్రీశైలము ఘాటు ఎక్కు బస్సు ఇంజను ధ్వని విన్నారు కదా. అది ఎత్తు పెరిగినకొలది తెగకుండ పైకి జారును. గొంతును కూడ అట్లే క్రింది నుండి పైకి, పై నుండి క్రిందికి జారవిడుచుచు సాధన చేసినచో బిగువు సడలును. పది పదునైదు నిముషములకంటె ఎక్కువసేపు వలదు. గొంతు నొచ్చినచో ఆనాటికి మానివేయవలెను.

ఇచ్చట పెద్దలకును పిల్లలకును గల భేదము మరువరాదు. పసిబిడ్డ గొంతు చిన్నది. హాయిగా పలుకగల స్వరములు ఐదారుకంటె మించవు. అవి పురుషుని గొంతునకు పై స్థాయిలో నుండును. భజన గురువు తన గొంతులో పాడి, బిడ్డలను అదే లోతునకు దిగుమన్నచో వారు పాడలేరు, గొణుగుదురు. గట్టిగా పాడుడని గద్దించినచో అరతురు. పాట క్రిందికి దిగినచోట బిడ్డ మాటలాడినట్లు పలికినచో శ్రుతి పెంచవలెను. పైకి పోయినచోట మెడ నరములు ఉబ్బినచో తగ్గింపవలెను. ఈ రెండు గుర్తులు చాలును. మైకు మాత్రము కేంద్రములోనికి రానీయకుడు. మైకు ముందు బిడ్డ ఇతరులను వినుట మానివేయును, వినుట మానినచో శ్రుతి పోవును.

స్వరములకు వచ్చుచున్నాము. పురందరదాసు (1484–1564) ఏర్పరచినదని సంప్రదాయము చెప్పు పాఠక్రమము నేటికిని మన సంగీత విద్యకు ఆధారము. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారములు, పిదప గీతములు. మొదటి పాఠములు మాయామాళవగౌళ రాగములో నుండును. ఈ రాగములో క్రింది నాలుగు స్వరముల మధ్య ఎడములు ఎట్లున్నవో పై నాలుగింటి మధ్యను అట్లే యుండును. చెవికి క్రింద నేర్చినది పైన మరల పనికివచ్చును. కార్యకర్త మూడు నెలలలో నాలుగైదు సరళీ వరుసలను విలంబకాలములో శుద్ధముగా పాడగలిగినచో చాలును. రెండవ కాలము, మూడవ కాలము ఆమె ఇష్టము.

పసిబిడ్డలకు మాత్రము సరళీ వరుసలు వలదు. ఇది నా దృఢాభిప్రాయము. కొందరు సంగీతజ్ఞులకు ఇది రుచింపదు. సరళీ వరుస పెద్దవారి చెవిని దిద్దుటకు ఉపయోగించు పనిముట్టు. మూడేండ్ల బిడ్డకు షడ్జమమునకును శుద్ధ రిషభమునకును నడుమ నుండు చిన్న ఎడము పట్టుట కష్టము. ఆ వయస్సున బిడ్డ సాధారణముగా పాటలోని మాటలను ముందు పట్టును, లయను పిదప పట్టును. స్వరము అన్నిటికంటె ఆలస్యముగా కుదురును. అందుచేత మొదట రెండు మూడు స్వరములలో తిరుగు ఆటపాటలు, పిదప మోహన రాగము వంటి ఐదు స్వరముల వరుసలు బిడ్డలకు అనువైనవి. హంగేరీ దేశపు సంగీతకర్త జోల్టాన్ కొదాయ్ (1882–1967) తన దేశపు బడులలో ఈ విధముననే చేసినాడు. పసివారికి ముందుగా తమ మాతృభాషలోని జానపద గీతములు, అందును ఐదు స్వరములలో నుండునవి నేర్పవలెనని ఆయన పట్టుపట్టెను. ఆయన పుట్టిన కెచ్‌కెమేట్ పట్టణములో 1950లో ఆ పద్ధతిపై ప్రాథమిక పాఠశాల యొకటి వెలసినది. కర్వెన్ చేతి గుర్తులను ఆ బడులు స్వీకరించినవి. మనకు వేరుగా గుర్తులు కల్పింపనవసరము లేదు. స్వరము పైకి పోయినపుడు చేయి పైకి, దిగినపుడు క్రిందికి చూపినచో బిడ్డ కన్నుతో కూడ వినును.

మరియొక సాధనము మీ ప్రాంతపు సొత్తే. మార్కాపురము పలక పేరు వినని తెలుగు బడిపిల్లవాడు ఒకప్పుడు లేడు. ఆ పలక మీద అక్షరము వ్రాయుటకు ముందు ధ్వనిని గీయింపవచ్చును. దీర్ఘమైన ధ్వనికి పొడుగు గీత, హ్రస్వమునకు పొట్టి గీత, మౌనమునకు ఖాళీ. గురువమ్మ చిడతలు వాయించును, బిడ్డ గీయును. పిదప ఒక బిడ్డ గీసినదానిని మరియొక బిడ్డ చప్పట్లతో వాయించును. బలపము పట్టుట, ఎడమ నుండి కుడికి చూచుట, ధ్వనికి గుర్తు ఉండునని తెలియుట, ఇన్నియు ఆ ఆటలోనే వచ్చును. మరుసటి యేడు బడిలో గుణింతములు నేర్పు ఉపాధ్యాయునకు ఇది ఎంత సాయమో ఆయననే అడుగుడు.

పాటలు ఎచ్చట దొరకును? పుస్తకములలో దొరకును, మంచివే. 1940లో మద్రాసున ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిన న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు, రేడియో అన్నయ్య, అక్కయ్య యని ఆంధ్రదేశమంతట పేరొందినవారు, పిల్లలకు పనికివచ్చు పాటలను, ఆటలను ఎన్నింటినో వాడుకలోనికి తెచ్చిరి. పిల్లలను విద్వాంసులను చేయుటకు వారు పూనుకొనలేదు. బెదురు లేకుండ పాడించిరి. అయితే మొదటి పాటలు పుస్తకము నుండి కాక మీ ఇండ్ల నుండి రావలెనని నేను కోరుచున్నాను. మీ గ్రామములో డెబ్బదియేండ్లు దాటిన అవ్వలు ఎందరున్నారో లెక్కించుడు. జోలపాటలు, చెమ్మచెక్క ఆట పాటలు, విసురురాతి పాటలు వారి నోటనున్నవి. వారితో అవి పోవును. ఇండ్లలో తిరుగళ్ళు మూలబడినవి. విసురుటయే లేనపుడు ఆ పాట ఎవరు ఎవరికి నేర్పుదురు? కేంద్రమునకు నెలకొక అవ్వను పిలిచి పాడించుకొని, కార్యకర్త నేర్చుకొని, ఆ పాట ఏ వీధిదో, ఎవరు నేర్పినదో ఒక పుస్తకములో వ్రాసి యుంచవలెను.

నల్లమల అంచున నున్న మీకు ఈ విషయములో మరియొక బాధ్యత గలదు. చెంచు గూడెముల నుండి వచ్చు బిడ్డలున్నారు. సుగాలి తండాల నుండి వచ్చు బిడ్డలున్నారు. ఇంటిలో ఉర్దూ మాటలాడు బిడ్డలున్నారు. చెంచు బిడ్డ పలుకుబడి మన పలుకుబడికి కొంత భిన్నము. సుగాలి బిడ్డ ఇంటిభాషయే వేరు. కేంద్రములో తన మాటకు నవ్వు వినబడినచో ఆ బిడ్డ నోరు మూసికొనును. కొలది దినములకు రాకయే మానివేయును. హాజరుపట్టీలో ఆ పేరునకు ఎదురుగా గైరుహాజరు అని వ్రాయుదుము. కారణము వ్రాయుటకు అందులో గడి లేదు. పాట ఈ చిక్కును కొంత విప్పగలదు. నలుగురితో కలిసి పాడునపుడు ఒక్కని ఉచ్చారణ వేరుగా బయటపడదు. ఒకే మాట పదిసార్లు వచ్చును గనుక నాలుక తిరుగును. అంతకంటె ముఖ్యమైనది, కార్యకర్త గూడెమునకు పోయి ఆ తల్లుల వద్ద కూర్చుండి వారి పాట యొకటి నేర్చుకొని వచ్చి, కేంద్రములో అందరిచేత పాడించుట. నిన్నటివరకు మూలన కూర్చున్న బిడ్డకు ఆనాడు అందరికంటె ఎక్కువ తెలియును. ఈ పనిని మొక్కుబడిగా గిరిజన దినోత్సవమునాడు వేదికపై చేయించి, ఫోటోలు తీయించి ముగింపవలదు. మామూలు మంగళవారమునాడు జరుగవలెను.

పాటల ఎంపికలో మీరు చూడవలసినది ఇంకొకటి. అన్ని మతముల బిడ్డలు కూర్చుండు చోటు గనుక దేవుని పాటలను ఇండ్లకును ఆలయములకును విడిచి, వాన, ఆవు, బండి, చెట్టు, అత్త, తాత, ఇట్టి వానిపై పాటలు ఏర్పరచుకొనుట మేలు. సినిమా పాటలను పూర్తిగా నిషేధింపుడని నేను చెప్పను. వానిలో కొన్నింటి వరుసలు చక్కనివి. కాని వార్షికోత్సవమునాడు ఐదేండ్ల బిడ్డచేత పెద్దల శృంగారగీతమునకు నృత్యము చేయించి చప్పట్లు కొట్టుట మనకు తగినది కాదు. ముందు వరుసలో కూర్చుండునది మనమే గనుక దీనిని ఆపవలసినదియు మనమే.

నేర్పువారిని గూర్చి కొంత చెప్పితిని. భజన మండలిలో హార్మోనియము తెలిసినవారు, చర్చిలో పాట పాడించు సోదరీమణులు, కోలాటము గురువులు, డప్పు కళాకారులు, ఉన్నత పాఠశాలలో పాడగలిగిన ఉపాధ్యాయులు, వీరిలో ఇద్దరు ముగ్గురు దొరకని గ్రామము నేను చూడలేదు. స్థలము విషయము జాగ్రత్తగా ఆలోచింపుడు. రామాలయము మండపమున తరగతి పెట్టుట సులభముగా తోచును, హార్మోనియము అక్కడనే యుండును గనుక. చర్చిలో పెట్టినను అంతే సులభము. కాని కార్యకర్తలు అన్ని వీధులవారు. ఒక్కొక్క చోట అడుగుపెట్టుటకు ఒక్కొక్కరికి సంకోచము. పెట్టెను మోసికొని పంచాయతీ కార్యాలయమునకో, బడికో తెచ్చుట కష్టమేమి కాదు. వారమునకు ఒక మధ్యాహ్నము, రెండు గంటలు, మూడు నెలలు. నాలుగైదు కేంద్రముల కార్యకర్తలును సహాయకురాండ్రును కలిసి కూర్చుండవలెను. సహాయకురాలిని విడువవలదు, అనేక కేంద్రములలో అసలు పాడునది ఆమెయే. ఆ మధ్యాహ్నము వారికి వేరే సమావేశములు పెట్టకుండ సూపర్‌వైజరుతో మాటలాడి ఏర్పాటు చేయించుట మీ వంతు. ఇది జరుగకున్నచో తక్కినదంతయు మాటలే.

పాట వలన బయటపడు ఒక సంగతిని ప్రత్యేకముగా మనవి చేయుచున్నాను. అందరును చప్పట్లు కొట్టుచుండగా ఒక బిడ్డ ఎప్పుడును ఇతరుల చేతులను చూచి, ఒక క్షణము ఆలస్యముగా కొట్టును. వెనుక నుండి పిలిచినచో తిరుగడు. మాటలు ముద్దగా వచ్చును. ఇట్టి బిడ్డను మొద్దు అనుట మన వాడుక. అతనికి వినికిడి లోపము ఉండవచ్చును. చెవిలో చీము కారుచుండవచ్చును. గురువమ్మ ఆ బిడ్డ వెనుక, కనబడని చోట నిలిచి మెల్లగా చిడత వాయించి చూడవలెను. రెండు మూడు దినములు వరుసగా తిరిగి చూడనిచో ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. చెవిలో నూనె కాని ఆకుపసరు కాని పోయరాదు. 2013 ఫిబ్రవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద, పుట్టినది మొదలు పదునెనిమిదేండ్ల వరకు గల పిల్లలను పరీక్షించు 30 లోపములలో వినికిడి లోపము, చెవిలో చీము కూడ చేరియున్నవి. వినికిడి లోపము ఎంత ముందుగా తెలిసిన అంత మంచిది, ఏలయన చెవి వినని బిడ్డకు మాట రాదు. మాటలు నేర్చు వయస్సు దాటినచో ఆ నష్టము పూడ్చుట కష్టము. పాడించువారు లేని కేంద్రములో ఆ బిడ్డ భోజనము చేసి నిద్రించి ఇంటికి పోవును. ఎవరికిని ఏమియు తెలియదు.

ఖర్చు మాట అడుగుదురు. ఒక శ్రుతిపెట్టె, పది జతల చిడతలు, రెండు కంజీరలు, పలకలు, బలపములు, నేర్పువారికి సంభావన. మీ అంచనాలలో ఇంతకంటె పెద్ద అంకెలను మీరు ప్రతి నెల చూచుచున్నారు. చిడతలు మీ ఊరి వడ్రంగి చేయగలడు. అంచులు నునుపుగా నుండవలెనని చెప్పుడు, పసివారు వానిని నోటిలో పెట్టుకొందురు. మూడు నెలల పిదప పరీక్ష పెట్టి ధ్రువపత్రములిచ్చు ఆర్భాటము వలదు. సభ్యులలో ఇద్దరు చెప్పకుండ ఒక ఉదయము కేంద్రమునకు పోయి, వెనుక కూర్చుండి, పది పాటలైన పుస్తకము చూడకుండ సాగుచున్నవా, ఫోను సంచిలో నున్నదా, మూలన కూర్చుండు బిడ్డ నోరు కదలుచున్నదా, ఇవి చూచి రావలెను.

నేను చెప్పవలసినది ముగిసినది. సందేహములున్నచో అడుగవచ్చును. భజన మండలి వారు దయతో తెచ్చిన హార్మోనియము ఇచ్చటనే యున్నది. వచ్చిన కార్యకర్తలలో ఎవరైన ముందుకు వచ్చి హాయిగా నున్న చోట ఒక "ఊఁ" పలికినచో, ఆ గొంతు ఏ మెట్టు వద్ద నిలుచునో ఇప్పుడే చూతము.